బోర్డు ప్రకారం రోడ్డు

రోడ్డు తప్పు చేస్తుంది. వాన తప్పు చేస్తుంది. లారీ, గేదె, గొడుగేసుకుని అడ్డంగా నడిచే ముసలమ్మ, అందరూ తప్పు చేస్తారు. బోర్డు మాత్రం చెయ్యదు. ఎందుకంటే బోర్డుకి సర్టిఫికెట్ ఉంటుంది. రోడ్ల శాఖలో ఇరవై ఆరేళ్ళు గుమస్తాగిరీ వెలగబెట్టి నేను సంపాదించిన జ్ఞానం ఇంతే. నా పేరు బ్రహ్మాజీ.

మా సబ్ డివిజన్‌లో నాలుగు రోడ్ల సెంటర్ అని ఒకటుంది. హైవే మీంచి వచ్చే పెద్ద రోడ్డు నేరుగా రేవుకి పోతుంది. కుడిచేతి రోడ్డు సంతకి, ఎడమచేతి రోడ్డు వెదుళ్ళలంకకి. ఎడమ మూల మీద కొబ్బరికాయల గోడౌను గోడ అడ్డంగా ఉండబట్టి, సెంటర్లోకి వచ్చేదాకా వెదుళ్ళలంక రోడ్డు ఎవరికీ కనపడదు. అందుకని, ముందు కూడలి ఉంది, నెమ్మదిగా వెళ్ళండి అని చెప్పే హెచ్చరిక బోర్డు పెట్టించమని వెదుళ్ళలంక వాళ్ళు పదకొండేళ్ళపాటు అర్జీలు పెట్టుకున్నారు. అవన్నీ నేనే భద్రంగా ఫైలు చేశాను. పన్నెండో ఏట బోర్డు వచ్చింది.

ఒక్కటే వచ్చింది. అది హైవే వైపు పెట్టాం. రేవు వైపు మా సబ్ డివిజన్ కాదు కాబట్టి అటునుంచి వచ్చేవాళ్ళ ప్రాణాలకి మాకు పూచీ లేదు.

ఎర్ర అంచు ముక్కోణం, తెల్లటి నేల, మధ్యలో నల్ల గీతలు. నాలుగు రోడ్లు కలిసే చోట పెట్టే బోర్డులో ఆ గీతలు కూడిక గుర్తులా ఉండాలి. మాకొచ్చిన దాంట్లో నిలువు గీత ఒకటీ, దానికి కుడిపక్కన అడ్డగీత ఒకటీ ఉన్నాయి. ఎడమపక్క ఖాళీ. దాంతోపాటు స్టోర్సు వాళ్ళ చీటీ ఒకటి వచ్చింది. "కోరిన రకము నిల్వ లేనందున తత్సమానమైన రకము పంపడమైనది."

ప్రారంభోత్సవానికి మా సబ్ డివిజన్ ఇంజనీరు, డీఈ కోదండపాణి గారు స్వయంగా వచ్చారు. "ప్రజల ప్రాణరక్షణయే పరమావధిగా, పది సంవత్సరముల హామీతో కూడిన, ప్రతిఫలన సామర్థ్యము గల సదరు బోర్డును ప్రజలకు అంకితం చేస్తున్నాం" అని రిబ్బను కత్తిరించారు. అందరూ చప్పట్లు కొట్టారు. వెదుళ్ళలంక తరఫున ఇస్త్రీ ఖాకీ చొక్కా వేసుకుని, బంతిపూల దండ పట్టుకొచ్చిన ఆటో డ్రైవరు ఏసురత్నం మాత్రం బోర్డు వంకే చూస్తూ నిలబడ్డాడు.

"అయ్యా, ఇందులో మా రోడ్డేదండి?" అన్నాడు.

డీఈ గారు దండ మెడలో వేయించుకుని, "ముందు బోర్డుని అర్థం చేసుకోవడం నేర్చుకోండి. ప్రశ్నలు తర్వాత" అన్నారు.

మూడు వారాలకి ప్రమాదం జరిగింది. ఏసురత్నం కొబ్బరికాయల లోడుతో వెదుళ్ళలంక రోడ్డులోంచి సెంటర్లోకి వస్తున్నాడు. హైవే వైపు నుంచి లారీ ఒకటి దూసుకొచ్చి ఆటో మూతి పచ్చడి చేసింది. ఏసురత్నానికి మోకాలు చీరుకుపోయింది. దేవుడి దయవల్ల అంతకన్న ఏమీ కాలేదు. కాయలు మాత్రం సంత రోడ్డులో చాలా దూరం దొర్లాయి. పందొమ్మిదేళ్ళుగా ఆ మనిషి ఆటో నడుపుతున్నాడు, ఎన్నడూ ఒక కోడిపిల్లకి కూడా తగిలించలేదు.

లారీ డ్రైవరు పోలీసులకి వాంగ్మూలం ఇచ్చాడు. "బోర్డు చూశాను. కుడిపక్కే రోడ్డుందని ఉంది. కుడిపక్కకే చూశాను. ఎడమపక్క రోడ్డు లేదు కాబట్టి స్పీడు తగ్గించలేదు." ఒక లారీ డ్రైవరు బోర్డు చదివి, దాని ప్రకారం బండి నడపడం నా సర్వీసులో అదే మొదలు. పోలీసులకి కూడా ముచ్చటేసినట్టుంది, అతణ్ణి పంపేశారు.

ఏసురత్నానికి రవాణా ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. "హెచ్చరిక బోర్డు ప్రకారము ఉనికిలో లేని మార్గమునుండి ప్రధాన మార్గములోనికి ఆకస్మికముగా ప్రవేశించినందుకు మీ లైసెన్సు శాశ్వతముగా ఎందుకు రద్దు చేయరాదో నలభై ఐదు రోజులలో స్వయముగా హాజరై సంజాయిషీ చెప్పుకొనవలెను." ఈలోగా లైసెన్సు వాళ్ళ దగ్గరే పెట్టుకున్నారు.

నోటీసు పట్టుకుని, కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"బెమ్మాజీ గారండి, ఒక్క కాయితం ఇప్పించండి. మా రోడ్డు ఉందని. అంతేనండి."

"ఉందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. మళ్ళీ కాయితమెందుకు?"

"ఆళ్ళకి తెలీదంటండి. కాయితం లేకపోతే లైసెన్సు పీకేత్తారంట. ఆటో తప్ప నాకింకో పని రాదండి బాబూ. కోనసీమలో పుట్టి కొబ్బరిచెట్టు ఎక్కడం కూడా రాదు. ఈ వయసులో ఏ చెట్టెక్కమంటారండీ?"

ఎంత చిన్న కోరిక! రోడ్ల శాఖ ఒక రోడ్డు ఉందని రాసివ్వాలి. నేను ధీమాగా డీఈ గారి గదిలోకి వెళ్ళాను.

డీఈ గారు నోటీసు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"బ్రహ్మాజీ, రోడ్డుందని మనం రాసిస్తే ఏమవుతుందో ఆలోచించావా? బోర్డు తప్పని మన శాఖే ఒప్పుకున్నట్టు."

"పోనీ బోర్డు మార్చేద్దామండి."

"ఎలా మారుస్తావయ్యా? దానికి పదేళ్ళ హామీ ఉంది. నాణ్యత సర్టిఫికెట్ ఉంది. పదేళ్ళు నిండకుండా పనికిరాదని రాస్తే, పనికిరానిది ఎందుకు తీసుకున్నావని అడుగుతారు. తీసుకున్నట్టు సంతకం నీది, ఆమోదం నాది." ఆయన కాసేపు పంకా వంక చూశారు. "అసలు ఆ రోడ్డుకేం హామీ ఉంది చెప్పు? ఏటా వానాకాలంలో కొట్టుకుపోతూనే ఉంటుంది. సర్టిఫికెట్ ఉన్నదాన్ని నమ్మాలా, లేనిదాన్ని నమ్మాలా?"

మర్నాడు క్షేత్రస్థాయి పరిశీలనకి బయల్దేరాం.

డీఈ గారు సరిగ్గా బోర్డు కింద నిలబడ్డారు. "ఇక్కణ్ణించి ఎడమపక్క రోడ్డేమైనా కనపడుతోందా?"

"లేదండి. గోడౌను గోడ అడ్డం."

"కారణాలు అనవసరం. కనపడలేదని రాసుకో."

రాసుకున్నాను. ఇంతలో గోడ పక్కనుంచి హారన్ కొట్టుకుంటూ వెదుళ్ళలంక బస్సు సెంటర్లోకి వచ్చింది. ఇంజను మీద బుట్టలూ, తలుపు దగ్గర వేలాడే జనమూ, నిండు బస్సు.

"అదేమిటి?" అన్నారు డీఈ గారు.

"వెదుళ్ళలంక బస్సండి."

ఆయన బస్సుని ఆపాదమస్తకం పరిశీలించారు. "బస్సు ఉంది. కాదనను. రోడ్డు సంగతి వేరు."

పై ఆఫీసుకి నివేదిక వెళ్ళింది. అక్కడ ముగ్గురు సభ్యులతో వ్యత్యాస సవరణ సంఘం ఏర్పడింది. వాళ్ళు రెండుసార్లు సమావేశమై ఒక సర్క్యులర్ విడుదల చేశారు. తెలుగు చిత్తుప్రతి రాసే భాగ్యం నాకే దక్కింది. దాని నాలుగో పేరా ఇది: "హెచ్చరిక బోర్డుకును, క్షేత్రస్థాయి పరిస్థితికిని వ్యత్యాసము ఏర్పడినయెడల, బోర్డునే ప్రామాణికముగా గైకొని, క్షేత్రస్థాయి పరిస్థితిని తదనుగుణముగా నలభై ఎనిమిది గంటలలో సవరించవలెను." తదనుగుణముగా అన్న మాట నాదే. డీఈ గారు ఆ మాట దగ్గర ఆగి మెచ్చుకున్నారు కూడా.

నలభై ఎనిమిది గంటల్లో వెదుళ్ళలంక రోడ్డుకి అడ్డంగా ఛాతీ ఎత్తు గోడ లేచింది. మా శాఖలో ఏ పనీ అంత చురుగ్గా జరగగా నేను చూడలేదు. బస్సు గోడకి అవతలే ఆగిపోవడం మొదలుపెట్టింది. జనం గోడెక్కి ఇటు దూకుతున్నారు. ఎక్కలేనివాళ్ళు కాలవగట్టు మీదుగా తొమ్మిది కిలోమీటర్లు చుట్టు తిరిగి వస్తున్నారు. ఆ సెంటర్లో రోడ్లెన్ని అన్న ప్రశ్న కొత్త లైసెన్సుల పరీక్షలో చేర్చారు. మూడు అని రాసినవాళ్ళంతా పాసయ్యారు. వెదుళ్ళలంక వాళ్ళలో ఒక్కరూ పాసవలేదు.

ఇక మిగిలింది సెంటర్ పేరు. బస్సుల మీదా, కొట్ల మీదా నాలుగు రోడ్ల సెంటర్ అని ఉండడం వల్ల వాహనచోదకులు అయోమయానికి గురవుతున్నారని డీఈ గారు కనిపెట్టారు. సెంటర్లో ఇడ్లీలమ్మే పళ్ళాలమ్మకి నోటీసు నేనే తీసుకెళ్ళాను. ఆవిడ హోటలు పేరు 'నాలుగు రోడ్ల టిఫిన్స్'.

"ఏటి బాబూ ఇది? చదివి సెప్పు" అంది పెనం మీంచి చూపు తిప్పకుండా.

"నీ హోటలు పేరు మూడు రోడ్ల టిఫిన్స్ అని మార్చుకోవాలమ్మా. లేకపోతే ప్రజల్ని తప్పుదోవ పట్టించినట్టవుతుంది."

"ఆ నాలుగో రోడ్డోళ్ళే నా ఇడ్లీ తినేది. పొద్దున్నే గోడెక్కి మరీ వత్తన్నారు. నా బోర్డు సూసి ఎవుడు సచ్చాడు? మీ బోర్డు సూసే గదా ఆ ఏసురత్నం మోకాలు పగిలింది!" అట్టు తిరగేసి, "ఇదిగో, రెండు రోజులు గడువియ్యి. ఆలోచించుకుంటాను" అంది.

ఆలోచించుకుని ఏం చేసిందంటే, మా జీపు కనపడ్డప్పుడల్లా 'నాలుగు' మీద తడితువ్వాలు ఆరేసేది. మేం వెళ్ళగానే తీసేసేది. నేను మాత్రం నోటీసు అమలు జరిగిందని రాసేశాను.

సంజాయిషీకి పది రోజులుందనగా ఏసురత్నం మళ్ళీ వచ్చాడు. గెడ్డం పెరిగింది. ఆ ఇస్త్రీ చొక్కా నలిగిపోయి ఉంది.

"బోర్డులో లేదన్నారు. ఇప్పుడు నేల మీద కూడా లేకుండా సేసేసారు. ఆ ఆఫీసరు ఎక్కణ్ణించి వచ్చావురా అనడిగితే ఏం సెప్పమంటారండీ?"

నాకు సిగ్గేసింది. ఉన్న మాట చెప్పాలి కదా, ఆ గోడ మంజూరు కాగితం నా చేతిరాతే. కష్టపడి బతికే మనిషి నోట్లో మన్ను కొట్టి, ఆ మన్నుకి అందమైన భాష కూర్చిపెట్టాను. చెయ్యగలిగింది ఇంకేమీ తోచక, సర్క్యులర్ నకలు ఒకటి తీసి అతని చేతికిచ్చాను. ఏ రూలు కింద తన బతుకు పోతోందో తెలుసుకునే హక్కు పౌరుడికి ఉంది.

ఏసురత్నం బల్ల మీద కూర్చుని వేలు పెట్టి చదివాడు. నాలుగో పేరా దగ్గర వేలు ఆగిపోయింది. మూడుసార్లు చదివాడు.

"బెమ్మాజీ గారండి, బోర్డులో ఎట్టాగుంటే రోడ్డు అట్టాగే ఉండాలాండీ?"

"అంతే."

"రెండ్రోజుల్లోనా?"

"నలభై ఎనిమిది గంటల్లో."

"మరి బోర్డుకి ఆ గీత ఎవరు గీసారని అడగరాండీ?"

నేను సర్క్యులర్ మొత్తం గుర్తు చేసుకున్నాను. "అడగాలని ఇందులో ఎక్కడా లేదు."

ఏసురత్నం కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను తల వంచుకుని వేరే ఫైలు తీశాను.

తర్వాత జరిగింది నేను కళ్ళారా చూడలేదు, వాళ్ళు చెప్పగా విన్నదే. బస్టాండు పక్కన మెహరున్నీసా రేడియం స్టిక్కర్ల కొట్టు ఉంది. మా చుట్టుపక్కల ఏ ఆటో వెనక చూసినా దేవుడి బొమ్మా, పిల్లల పేర్లూ, రెక్కలు చాపిన గద్దా ఆవిడ చేతిలో తెగినవే. ఏసురత్నం సంగతంతా చెప్పాడు. ఆవిడ స్కూటీ వేసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళి, పళ్ళాలమ్మ దగ్గర స్టూలు అడిగి తెచ్చుకుని, టేపు పెట్టి కుడిపక్క గీత కొలుచుకుంది.

"ఆళ్ళ నలుపూ నా నలుపూ ఒకటే రకం అన్నా. అతికితే తేడా కనపడదు. నువ్వు ఊడపీకుదామన్నా రాదు" అందట.

మర్నాడు పట్టపగలు పదకొండు గంటలకి నలుగురు ఆటో డ్రైవర్లు, ఆవిడ కత్తిరించి ఇచ్చిన నల్ల పట్టీ పట్టుకుని, నిచ్చెన వేసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళారు. నలుగురివీ ఖాకీ చొక్కాలే. ఖాకీ చొక్కా, నిచ్చెన కలిస్తే మన దేశంలో ఎవరూ ఏమీ అడగరు. సెంటర్లో డ్యూటీలో ఉన్న హోంగార్డు వాళ్ళని చూసి, శాఖ పని జరుగుతోందనుకుని, ఈల ఊది రెండు వైపులా బండ్లు ఆపాడు. డ్యూటీ పుస్తకంలో టైము వేసి రాసుకున్నాడు కూడా. పళ్ళాలమ్మ టీలు పంపింది.

సరిగ్గా ఏసురత్నం నిచ్చెన చివర ఉండగా మా డీఈ గారి జీపు అటు వచ్చి ఆగింది. అద్దం దిగింది.

"ఏం పని జరుగుతోంది?"

"బోర్డు సవరణండి అయ్యా" అన్నాడు ఏసురత్నం పైనుంచి.

"సరిగ్గా అంటించండి. బుడగలు రానివ్వకండి" అన్నారు డీఈ గారు. అద్దం లేచింది. జీపు వెళ్ళిపోయింది.

బుడగ ఒక్కటి కూడా రాలేదు.

ఆ శుక్రవారం, గోడకీ బోర్డుకీ కలిపి ఒక ఫొటో పై ఆఫీసుకి పంపాలని డీఈ గారు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. బోర్డు వంక చూసి, ఫైల్లో ప్రారంభోత్సవం నాటి ఫొటో వంక చూసి, మళ్ళీ బోర్డు వంక చూశారు.

"బ్రహ్మాజీ! బోర్డు మారిందా?"

"బోర్డు ఎలా మారుతుందండి? సర్టిఫికెట్ ఉంది కదా."

"ఎవరో అంటించారయ్యా! ఎవరు అంటించారు?"

హోంగార్డు సెల్యూట్ కొట్టి డ్యూటీ పుస్తకం తెరిచాడు. "డీఈ గారి సమక్షంలో, డీఈ గారి సూచనల మేరకు బోర్డు సవరణ జరిగినది" అని ఉంది. ఆ రోజు టైమూ, జీపు నంబరూ ఉన్నాయి. కుర్రాడి చేతిరాత ముత్యాల్లా ఉంది.

డీఈ గారు ఆ పుస్తకం మూసి హోంగార్డు చేతికి తిరిగిచ్చేశారు. తర్వాత గోడ వైపు తిరిగి, వీధి అదిరిపోయేలా కేకేశారు. "ఇక్కడ రోడ్డుకి అడ్డంగా ఈ గోడ ఎవడు కట్టాడు?"

సర్క్యులర్ నాలుగో పేరా ప్రకారం నలభై ఎనిమిది గంటలు టైముంది. నలభై గంటల్లో గోడ నేలమట్టమయింది. "ప్రజా మార్గమునకు అడ్డముగా గుర్తుతెలియని వ్యక్తులచే నిర్మింపబడిన గోడ తొలగింపబడినది" అని నేనే రాశాను. సకాలంలో స్పందించినందుకు పై ఆఫీసు డీఈ గారిని అభినందించింది. ఏసురత్నానికి కావలసిన కాయితం మీద అదే రోజు సంతకం అయింది. నాలుగో రోడ్డు గలదు, ఫలానా తేదీ నుండి గలదు అని.

సంజాయిషీ రోజున నేను శాఖ తరఫున వెళ్ళాను. రవాణా ఆఫీసరు కాయితం తిప్పి తిప్పి చూశాడు.

"ఈ రోడ్డు పద్నాలుగో తేదీ నుంచి ఉన్నదని రాశారు. ప్రమాదం అంతకు రెండు నెలల ముందు జరిగింది. అంటే ప్రమాద సమయమునకు మార్గము ఉనికిలో లేదు. సదరు డ్రైవరు లేని మార్గమునుండే వచ్చినట్టు రుజువైంది."

ఏసురత్నం కుర్చీ పట్టుకున్నాడు. నా వంక చూడలేదు. చూసి ఏదైనా అన్నా బాగుండేది. ఆఫీసరు కలం మూత తీశాడు. నాకేమయిందో తెలియదు, కాయితం ఆయన చేతిలోంచి లాక్కున్నాను. కింద ఖాళీ జాగాలో నా కలంతో రాశాను. "సదరు రోడ్డు మీద గత ఇరవై ఆరేళ్ళుగా నేను నడుస్తున్నాను." సంతకం చేసి, సంచీలోంచి శాఖ ముద్ర తీసి గట్టిగా గుద్దాను.

"తమరు నడిచింది అధికార హోదాలోనా, వ్యక్తిగత హోదాలోనా?" అని అడిగాడు ఆఫీసరు.

"రెండు కాళ్ళతోనండి" అన్నాను.

ఆయన ఆ వాక్యం చదివాడు. ముద్ర చూశాడు. ముద్ర నిఖార్సయినది. దాన్ని తోసిపుచ్చే అధికారం ఆయనకి లేదు, పై వాళ్ళకి రాయాలంటే బద్ధకం. మధ్యాహ్నం భోజనాల వేళ దాటుతోంది. సొరుగు లాగి లైసెన్సు తీసి బల్ల మీద పడేశాడు. ఏసురత్నం దాన్ని రెండు చేతులతో తీసుకుని చొక్కాకి తుడిచాడు. ఏడ్చాడు కూడా. ఈ ముద్ర సంగతి ఇంకా మా డీఈ గారికి తెలియదు. తెలిసిన రోజు చూసుకుందాం.

తిరుగుప్రయాణం అతని ఆటోలోనే. మూతి కొత్తగా వేయించాడు, రంగు ఇంకా పాతదాంతో కలవలేదు. హైవే దిగి సెంటర్ వైపు వస్తుంటే దూరాన బోర్డు కనపడింది. ఎర్ర అంచు ముక్కోణంలో నాలుగు రోడ్లూ నిండుగా, ఎండలో మెరుస్తూ ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళలో మా శాఖ తరఫున అంత సరైన బోర్డు నేను చూడలేదు. నాకు గర్వంగా అనిపించింది.

ఏసురత్నం బోర్డు దగ్గరే స్పీడు తగ్గించాడు. గోడౌను గోడ దగ్గర పూర్తిగా ఆపేశాడు. హారన్ కొట్టాడు. కుడి చూశాడు, ఎడమ చూశాడు, తల బయటపెట్టి వెనక కూడా చూశాడు. వెనకనుంచి లారీ ఒకటి మమ్మల్ని దాటి, బోర్డు ముందునుంచీ, సెంటర్ మధ్యనుంచీ తగ్గకుండా దూసుకుపోయింది. ఆ గాలికి ఆటో ఊగింది.

"ఇంకా ఏం భయమోయ్? బోర్డు సరిగ్గానే ఉంది కదా ఇప్పుడు. నాలుగు రోడ్లూ చూపిస్తోంది" అన్నాను.

ఏసురత్నం గేరు వేస్తూ నా వంక అద్దంలో చూశాడు.

"అది నేనూ మెహరమ్మా అంటించిందే గదండీ. దాన్ని నమ్మి ఎలా యెల్తానండీ?"